నలభై ఒకటో ట్యూబు

మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను నిమిషాలకు మాస్టారు పోలీస్ స్టేషన్ మెట్లెక్కారు. నాలుగింటికి ఆ అమ్మాయిని కోర్టులో హాజరుపరుస్తారు. హత్యానేరం కింద ఒకసారి లోపలికి పంపారంటే మళ్లీ బయటి గాలి ఎప్పుడు పీలుస్తుందో ఎవరికీ తెలీదు. చేతిలో ఉన్నవి రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. అందులో పావుగంట గుమ్మంలోనే హరించుకుపోయింది. లోపల కూర్చున్న ఇన్‌స్పెక్టర్‌కు ఆయన్ని నిలబెట్టి ఉంచడమంటే అదో సరదా.

మాస్టారంటే బడిపంతులేం కాదు. పాతికేళ్లపాటు పోలీసు శిక్షణ కళాశాలలో నేరపరిశోధన పాఠాలు చెప్పి, పదవీ విరమణ అయ్యాక ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్న మనిషి. ఈ ఇన్‌స్పెక్టర్ కూడా ఆయన దగ్గర చదువుకున్నవాడే. మొద్దబ్బాయి అయితే ఇంత తంటా ఉండేది కాదు. క్లాసులో మొదటివాడు, చెప్పే పాఠంలో తప్పు పట్టాలని ఆనాటి నుంచీ తహతహలాడేవాడు.

చనిపోయింది పశువ్యాధుల ల్యాబ్‌లోని పెద్ద డాక్టరు. నిన్న పొద్దున పదకొండు యాభై ఎనిమిదికి తన గదిలోనే, ట్యూబులు నిలబెట్టే ఇనప స్టాండు దెబ్బకు తల పగిలి పడి ఉన్నారు. పట్టుబడింది ఆయన కింద పనిచేసే టెక్నీషియన్ అమ్మాయి. వింతేమిటంటే, ఆ అమ్మాయిని కాపాడమని మాస్టారి గడప తొక్కింది పోయిన డాక్టరుగారి భార్యే. గోడ పట్టుకుని నిలబడి, ఆ పిల్ల అలాంటి పని చెయ్యదని, ఆయన దాన్ని కన్నకూతుర్లా చూసుకున్నారని, ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకోలేనని చెప్పింది ఆవిడ. చంపిందనుకుంటున్న మనిషి కోసం చచ్చిన మనిషి భార్య బతిమాలడం మాస్టారు తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. కాదనలేకపోయారు.

కిటికీ లేని గదిలో బల్లకు అవతల కూర్చుని ఉంది అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయేమో. రాత్రంతా కన్ను మూసినట్టు లేదు. గోళ్ల అంచుల్లో గులాబీ రంగు ఇంకా వదల్లేదు. అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతోంది, టైములతో సహా. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఆ అలవాటు ఉంటుంది.

ఊరి చివరి డెయిరీ నుంచి మొన్న సాయంత్రం నలభై ఆవుల రక్తం వచ్చిందట. అన్నీ చూడి ఆవులు. వచ్చే వారం నలభై ఇళ్లకు పంపిణీ కావాలి. బ్రుసెల్లా జబ్బు లేదని ల్యాబ్ కాగితం ఇస్తేనే షెడ్డులోంచి కదులుతాయి. నెలలు నిండకుండా ఆవు ఈసుకుపోయేది చాలాసార్లు ఆ జబ్బుతోనే. మనిషికి అంటుకుంటే నెలల తరబడి జ్వరం, చెమటలు, నడుం పట్టేయడం. జబ్బు సోకిన రక్తంలో యాంటీబాడీలు పుడతాయి, వాటిని పట్టుకోవడమే వీళ్ల పని.

పరీక్షలు రెండు. రక్తం గడ్డకట్టాక పైన పసుపు నీరు తేలుతుంది, సీరం అంటారు. మొదటి పరీక్షలో తెల్ల పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క గులాబీ రంగు మందు వేసి కలిపి, సరిగ్గా నాలుగు నిమిషాలు పలకను ఊపుతూ చూడాలి. జబ్బు రక్తమైతే విరిగిన పాలలా పలుకులు కడుతుంది. మంచిదైతే నున్నగా ఉండిపోతుంది. రెండోది ఎలీసా. చిన్న చిన్న గుంటల ప్లేటులో సీరం పోసి, మందులు కలిపి, మిషన్‌లో పెడితే అంకెలు కాగితం మీద అచ్చుపడతాయి. మొదటిది తప్పు చెప్పిందేమోనని రెండోది చేస్తారు.

నలభై ఆవుల్లో ఒక్కటీ పలుకు కట్టలేదు. నలభై ఒకటో ట్యూబు కట్టింది.

"ఆవులు నలభయ్యే కదా తల్లీ. ట్యూబులు నలభై ఒకటి ఎలా అయ్యాయి?"

అమ్మాయి బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. మాస్టారు తొందరపెట్టలేదు. నోరు మూసుకున్నవాడికి సమయం ఇస్తే తనంతట తనే నోరు విప్పుతాడని పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషి కదా. రెండు నిమిషాలకు ఆ పాఠం ఫలించింది, సగమే.

"నేనే పెట్టాను. విడిగా చేస్తే ఎలీసా కిట్టు వృథా అవుతుందని ఆ నలభైతో కలిపేశాను."

"ఎవరి ఆవుది?"

"చెప్పను సార్. పెద్ద డాక్టరుగారికి చెప్పాను, మధ్యాహ్నానికి ఆయన లేరు. మీకు చెబితే మీరు ఇన్‌స్పెక్టర్‌గారికి చెబుతారు. ఆయన ఎవరికో ఫోన్ చేస్తారు. ఆ ప్రాణం కూడా పోతుంది."

జైలుకెళ్తావని బెదిరించి చూశారు, బుజ్జగించి చూశారు. ససేమిరా అంది. వెళ్తే నేనొక్కదాన్నే వెళ్తాను, ఆ ప్రాణమైనా నిలబడుతుంది అని తేల్చేసింది. మిగిలినదంతా మాత్రం దాచకుండా చెప్పింది. పదకొండు ఇరవై రెండుకు ఎలీసా కాగితం బయటికొచ్చింది. పదకొండు ఇరవై అయిదుకు డాక్టరుగారు నలభై ఒకటో నంబరు చూసి, ఇది ఎవరిదో చెప్పమని గట్టిగా అరిచారు. ఆ అరుపు వరండాలో అటెండర్‌కు వినపడింది. అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చెప్పేసరికి ఆయన చల్లబడి, కాసేపు తల పట్టుకుని కూర్చుని, "అయితే ఆ నలభై రక్తాలూ అబద్ధం. డెయిరీవాళ్లను నేను నిలదీస్తాను, నువ్వు నీ పని చూసుకో" అన్నారట. పదకొండు ముప్పై ఒకటికి డెయిరీకి ఫోన్ చేశారు. ఆ మాటలు పక్కన నిలబడి విన్నాక అమ్మాయి వెనక గదిలో సామాన్లు ఆవిరి పట్టే పనిలో పడింది. ఆ యంత్రం రొదలో పిడుగు పడినా వినపడదు. పదకొండు ముప్పై అయిదుకు అటెండర్ పోస్టాఫీసుకు వెళ్లి, యాభై ఎనిమిదికి తిరిగొచ్చి కేక పెట్టింది. మధ్యలో ఆ బిల్డింగులో ఇంకెవరైనా ఉన్నారా అంటే అమ్మాయికి తెలీదు. చెప్పేవాళ్లు లేరు.

రెండింటికి అయిదు నిమిషాలు తక్కువగా మాస్టారు ల్యాబ్‌లో ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ తనే వెంట వచ్చాడు. ఈయన ఏ కాగితం ముట్టుకుంటాడో, ఏ సీసా కదిలిస్తాడోనని దగ్గరుండి కనిపెట్టడానికి వచ్చాడని వేరే చెప్పక్కర్లేదు. తలుపు తీసింది అటెండర్. అరవైకి దగ్గరపడిన మనిషి. డాక్టర్ల నుంచి తోటమాలి దాకా అందరూ అత్తా అనే పిలుస్తారు. కోడళ్లు ఎవరూ లేరు గానీ లోకమంతటికీ అత్తే పాపం.

డాక్టరుగారి గదిలో నేల మీద సున్నపు గీత, దాని పక్కన ఎండిన రక్తం. బల్ల, కుర్చీ, ఫోన్, అద్దాల బీరువా. పెనుగులాడిన జాడ లేదు. కుర్చీ బల్లకు దగ్గరగానే ఉంది. అంటే తెలిసిన మనిషితో మాట్లాడుతూ కూర్చుని, లేచి వెనక్కి తిరిగినప్పుడు దెబ్బ తిన్నారన్నమాట. ఆ మాత్రం ఇన్‌స్పెక్టర్ కూడా రాసుకున్నాడు. తెలిసిన మనిషి అంటే ఆ అమ్మాయే కదా అన్నది వాడి లెక్క.

మాస్టారు ఆ గదిలో అయిదు నిమిషాలకు మించి ఉండలేదు. పరీక్షలు చేసే గదిలోకి వెళ్లి, మిషన్ పక్కన నిన్నటి అచ్చుకాగితం నకలు పరిచి కూర్చున్నారు. ఒక ఊరి ఆవులకు పోయిన నెల చేసిన ఎలీసా కాగితం ఫైలులోంచి తీయించి పక్కన పెట్టుకున్నారు. ఆ పాతదాంట్లో జబ్బు లేని ఆవులకు ఒకదానికి ఆరు, ఒకదానికి పన్నెండు, ఇంకోదానికి ఎనిమిది, ఇలా తలో అంకె ఉంది. ఒక ఆవు రక్తం ఇంకో ఆవుకు ఉండదు మరి. నిన్నటి కాగితంలో తొమ్మిది. మళ్లీ తొమ్మిది. మళ్లీ తొమ్మిది. ఎక్కడో ఒకటి రెండు చోట్ల పది. నలభై ఆవులకు ఒకే ఒంట్లోంచి రక్తం తీశారు. జబ్బులేని ఏదో ఒక ఆవును నిలబెట్టి, దాని మెడలోంచి నలభై ట్యూబులు నింపి పంపించారు.

నలభై ఒకటో గుంట దగ్గర నాలుగు ఉంది. దాని చుట్టూ డాక్టరుగారు ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి, కింద ఏమీ పొయ్యని ఖాళీ గుంట అంకెను కూడా చుట్టారు. అదీ నాలుగే. గులాబీ మందుతో అంత గట్టిగా పలుకులు కట్టిన సీరం, మిషన్‌లో పెడితే అసలు లేనట్టే ఉంది. మంచి ఆవుకు కూడా తొమ్మిది వచ్చేచోట నాలుగు. మాస్టారు కిట్టు పెట్టెలోని కరపత్రం తీసి, కళ్లద్దాలు పైకి తోసి, కింది నుంచి పై దాకా రెండుసార్లు చదివారు.

"అత్తా, రక్తం వచ్చిన అసలు ట్యూబులు, గడ్డలున్నవి, ఎక్కడ పెడతారు?"

సింకు కింద ఎర్ర ట్రేలో అంది అత్త. శనివారం దాకా అక్కడే ఉంచి తర్వాత కాల్చేస్తామంది. వంగి చూసి, ట్రే లేదంది. నిన్న మధ్యాహ్నం నుంచే కనబడలేదని, పోలీసులు తీసుకెళ్లారేమో అనుకుని ఊరుకున్నానని చెప్పింది. ఇన్‌స్పెక్టర్ ముఖం మాడిపోయింది. వాళ్లు తీసుకెళ్లలేదు. అక్కడ అలాంటి ట్రే ఒకటి ఉండాలని కూడా వాడికి తెలీదు. మరి పసుపు సీరం ఉన్న చిన్న సీసాలు? ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయి, నలభై ఒకటీ.

ఆ మొహం చూశాక మాస్టారికి ఊపొచ్చింది. ఆ తర్వాత రోజుల్లో ఆయన తనను తాను తిట్టుకున్నది ఈ నిమిషాన్ని తలుచుకునే.

"నువ్వే చెప్పు. ఆ అమ్మాయి హంతకురాలై, సాక్ష్యం మాయం చెయ్యాలనుకుంటే ఏం తీసుకెళ్తుంది? సాక్ష్యమంతా సీరంలో ఉందని ఆమెకు తెలుసు. ఫ్రీజర్ తీసి పసుపు సీసాలు పారబోసేది. వచ్చినవాడికి రక్తమంటే ఎర్రగా ఉంటుందని తప్ప ఏమీ తెలీదు. ఎర్రవి చంకన పెట్టుకుపోయాడు. పశువుల దగ్గర పనిచేస్తాడు గానీ ల్యాబ్‌లో ఎప్పుడూ అడుగు పెట్టినవాడు కాడు."

ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. పోలీసులను తప్పుదోవ పట్టించడానికి ఆమే ఎర్రవి పారేసి ఉండొచ్చన్నాడు. గట్టిగా అరుచుకున్నారని సాక్షి ఉందన్నాడు. దొంగ ట్యూబు పెట్టానని ఆమె నోటితోనే ఒప్పుకుందన్నాడు. డెయిరీ సూపర్‌వైజర్‌ను నిన్ననే అడిగానని, రిపోర్టు సిద్ధంగా ఉందని చెప్పడానికే డాక్టరు ఫోన్ చేశారని వాంగ్మూలం ఇచ్చాడని చెప్పాడు. చివరికి నవ్వాడు కూడా. "పాఠాలు వేరు మాస్టారూ, కేసు వేరు. నాలుగింటికి జడ్జిగారికి అంకెలు చూపిస్తారా? ఆ నలభై ఒకటో ఆవు ఏదో చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం."

ఆ నవ్వుకు అరికాలి మంట నెత్తికెక్కింది మాస్టారికి.

"అది ఆవే కాదురా. మనిషి."

అత్త చేతిలోని తాళాల గుత్తి చప్పుడు ఆగిపోయింది. మాస్టారు కరపత్రాన్ని బల్ల మీద పెట్టి వేలితో చూపించారు. గులాబీ మందుకు పక్షపాతం లేదు, ఆవైనా మేకైనా మనిషైనా యాంటీబాడీ ఉంటే పలుకు కట్టేస్తుంది. ఎలీసా అలా కాదు. దాంట్లో చివరగా పోసే మందు ఆవు, గేదె యాంటీబాడీలను తప్ప పట్టుకోదు. అందుకే మొదటి పరీక్షలో జబ్బు బయటపడింది, రెండోదాంట్లో గుంట ఖాళీగా కనిపించింది. డాక్టరుగారు కనిపెట్టింది ఇదే. బ్రుసెల్లాతో కాగిపోతున్న మనిషి ఒకడు ఉన్నాడు. అమ్మాయి వాడి రక్తాన్ని దొంగచాటుగా పరీక్షించింది. అది ఎవరో తెలియగానే డాక్టరు ఆ నలభై రక్తాలూ అబద్ధమన్నారంటే, ఆ మనిషి ఆ డెయిరీ షెడ్డులో ఆ నలభై ఆవుల మధ్య పనిచేసేవాడై ఉండాలి. ఆవులకు లేని జబ్బు వాడికెక్కడిది? ఆ నలభై ఆవులూ పంపిణీ అయితే నలభై ఇళ్లలో పాలు తాగే వాళ్లందరికీ అంటుకుంటుంది.

ఇన్‌స్పెక్టర్ కరపత్రం అందుకుని తనూ చదివాడు. తెలివైనవాడు, అర్థమైంది. అర్థం కావడమే కొంప ముంచింది. రెండు ఇరవై అయిదుకు వాడు టోపీ సర్దుకుని, ఇక మిగతాది తాను చూసుకుంటానని ముక్తసరిగా చెప్పి జీపెక్కాడు. శిష్యుణ్ణి నోరెత్తకుండా చేశానన్న సంబరం మాస్టారిది. ఫ్రీజర్ దగ్గర నిలబడి సీసాలు ఒక్కొక్కటే లెక్కపెట్టించి, అత్త చేత సంతకం పెట్టించి, సీలు వేయించారు. వెలుతురుకు పెట్టి చూస్తే నలభై సీసాలదీ ఒకే పసుపు. అదంతా అయ్యేసరికి మూడు కావచ్చింది. ఆ అరగంట ఏమాత్రం అవసరం లేని పని అని అప్పుడాయనకు తోచలేదు.

మూడు ఎనిమిదికి కిటికీ లేని గదిలో మళ్లీ అమ్మాయి ఎదురుగా కూర్చున్నారు. నువ్వు బయటపడినట్టేనమ్మా అన్నారు. ఎర్ర ట్యూబుల సంగతి చెప్పారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవులన్నిటికీ తొమ్మిదే వచ్చిన సంగతి చెప్పారు, తల ఊపింది. ఇక దాచి ప్రయోజనం లేదని, నలభై ఒకటోది మనిషి రక్తమని తెలిసిపోయిందని చెప్పారు. అంతే, ఆ కళ్లలో నీళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

"ఈ మాట ఇంకెవరు విన్నారు సార్?"

ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉన్నాడని మాస్టారు చెప్పారు. చెబుతుండగానే ఆయన గొంతు ఆయనకే వింతగా వినపడింది. బల్ల అంచు పట్టుకున్న అమ్మాయి వేళ్లు తెల్లబడ్డాయి.

"మా నాన్న" అంది.

ఆ తర్వాత ఆగకుండా చెప్పుకుపోయింది. పదహారేళ్లుగా డెయిరీలో పాలు పితికేది ఆమె తండ్రే. తల్లి పోయాక షెడ్డు పక్క గదిలోనే ఉంటాడు. చలికాలంలో వరసగా ఏడు ఆవులు ఈసుకుపోతే పడిపోయిన దూడలను, మావిని వట్టి చేతులతో ఎత్తి పాతిపెట్టించారు ఆయన చేత. నాలుగు నెలలుగా పొద్దువాలితే జ్వరం. టైఫాయిడ్ అని మందులిచ్చారు, తగ్గలేదు. జబ్బు పేరు బయటపడితే ఉన్న నీడ కూడా పోతుందని పెద్దాసుపత్రికి రానన్నాడు. అందుకే చీకటిమాటున రక్తం తీసి తెచ్చుకుంది. డాక్టరుగారు ఫోన్‌లో అన్నీ ఒకే ఆవు రక్తాలన్నారే గానీ మనిషి మాట ఎత్తలేదు, ఎత్తనని ఆమెకు మాటిచ్చారు. ఆ ఒక్క మాట తెలియకపోబట్టే సూపర్‌వైజర్ ఇంతవరకూ ఆయన జోలికి రాలేదు. ఏడు ఆవుల సంగతి తెలిసి, నోరు తెరిచి చెప్పగలిగే మనిషి ఆయనొక్కడే.

మాస్టారు కుర్చీ వెనక్కి తోసి లేచేసరికి తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్. ముఖంలో గెలిచిన కళ.

"మీకంటే ముందే పట్టుకున్నాను మాస్టారూ. రెండు ఇరవై ఎనిమిదికి డెయిరీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, మీ దగ్గర జ్వరంతో ఉన్న మనిషి ఎవరని అడిగాను. పాలు పితికే ముసలాయన ఉన్నాడన్నాడు. వాంగ్మూలానికి కావాలంటే పాపం తనే వ్యాన్ ఎక్కించుకుని బయల్దేరతానన్నాడు. రెండు ముప్పై అయిదుకే బయల్దేరాడు కూడా."

గోడ గడియారం మూడు పదహారు చూపిస్తోంది. డెయిరీ నుంచి స్టేషన్‌కు పది నిమిషాల దారి. మాస్టారు ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫోన్ వైపు చూశారు. ఆ చూపు పడ్డాక వాడిలో కళ తప్పింది. నంబరు నొక్కి చెవిన పెట్టుకున్నాడు. మళ్లీ నొక్కాడు. స్విచాఫ్ చేసి ఉందని చెప్పే ఆడగొంతు ఆ చిన్న గదిలో ముగ్గురికీ వినపడింది.

నిందితుడికి నీకేం తెలుసో తెలియనివ్వకు. ఆ కళాశాలలో మొదటి రోజు మొదటి గంటలో ఆయన చెప్పే పాఠం అదే. దాన్ని ఇవాళ తప్పింది శిష్యుడు కాదు, ఒక చిన్న నవ్వుకు రెచ్చిపోయిన గురువు. జీపులు తీయమని, రోడ్లన్నీ మూయమని ఇన్‌స్పెక్టర్ వరండాలోకి పరిగెడుతున్నాడు. మాస్టారు కదలబోయి అమ్మాయి వైపు తిరిగారు.

అమ్మాయి ఏడవడం లేదు. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు, నెమ్మదిగా, ఎవరివైపూ చూడకుండా అంది.

"పదహారేళ్లలో మా నాన్నను ఒక్కసారి కూడా వ్యాన్ ఎక్కించుకోలేదు సార్ వాళ్లు. ఎక్కడికెళ్లినా నడిచే వెళ్లేవాడు."